ఫారంలో నా పేరు రాయి

బాటసింగారం

ప్రియమైన మిత్రమా,

నీ మెసేజ్ చూశాను. నా పుట్టిన తేదీ, చిరునామా, చేసిన ఉద్యోగాలు, సర్కారుతో గానీ సైన్యంతో గానీ నాకేమైనా సంబంధం ఉందా అన్న వివరం అడగడానికి సారీ మీద సారీ చెప్పావు. అంత మొహమాటం ఎందుకురా? ఫోన్లో అయితే పది మాటల్లో తేలిపోయేది. కానీ ఈ సంగతి మీద నీతో చెప్పాల్సింది చాలా ఉంది. అందుకే కాగితం, పెన్ను ముందేసుకున్నాను. నువ్వడిగిన వివరాలు ఉత్తరం చివర్లో ఉంటాయి, కంగారుపడకు.

నువ్వు దేశం వదిలేనాటికి బాటసింగారం అంటే విజయవాడ బస్సు ఆగకుండా దాటిపోయే పల్లె. ఇప్పుడు వస్తే గుర్తుపట్టలేవు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు కలిసింది, లాజిస్టిక్ పార్కు వచ్చింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను కూడా కొత్తపేట నుంచి ఇక్కడికే తెచ్చారు. ఎండాకాలమంతా మామిడి లారీలే. నువ్వూ నేనూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచొచ్చి పండ్లు బేరమాడిన ఆ చోట పెద్దాసుపత్రి కట్టడం మొదలుపెట్టారు.

సరే, అసలు విషయానికి వస్తాను. అమెరికా పౌరసత్వం తీసుకుని, రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీలో చేరి, సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం ఆ పొడుగాటి ఫారం నింపుతున్నావు. ఎక్కడెక్కడ ఉన్నావు, ఎక్కడ పనిచేశావు, అప్పులెన్ని, విదేశాల్లో దగ్గరివాళ్లెవరు అని అడుగుతున్నారు. "నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నర్రా" అని రాశావు. ఆ మాట నాకు నచ్చలేదు. నిన్ను అడుగుతున్న ఆ సంస్థ ఏం చేస్తుందో కాస్త చదివి తెలుసుకున్నాను. 1972లో డిఫెన్స్ ఇన్వెస్టిగేటివ్ సర్వీస్ పేరుతో మొదలైంది. 1999లో డిఫెన్స్ సెక్యూరిటీ సర్వీస్ అయింది. 2019లో డిఫెన్స్ కౌంటర్‌ఇంటెలిజెన్స్ అండ్ సెక్యూరిటీ ఏజెన్సీగా మారింది. వర్జీనియాలోని క్వాంటికోలో దాని పెద్ద ఆఫీసు. రహస్యం చేతికిచ్చే ముందు మనిషి పూర్వాపరాలు విచారించడం దాని పనుల్లో ఒకటి. రక్షణ రహస్యాలతో పనిచేసే వేలాది ప్రైవేటు కంపెనీలు వాటిని ఎలా కాపాడుతున్నాయో చూడటం, ఆ కంపెనీల మీద బయటి దేశాల కన్ను పడితే హెచ్చరించడం కూడా దాని బాధ్యతే.

అప్పుల గురించి ఎందుకు అడుగుతారో తెలుసా? ఆల్డ్రిచ్ ఏమ్స్ అని సీఐఏలో ఒకడుండేవాడు. 1985 నుంచి 1994లో దొరికేదాకా రష్యన్లకు మనుషుల పేర్లు అమ్ముకున్నాడు. వాడు పట్టిచ్చినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పనికి దిగినప్పుడు వాడి మెడకు అప్పులున్నాయి. ఆ తర్వాత సర్కారు జీతం మీద బతికేవాడు ఐదు లక్షల డాలర్ల పైచిలుకు ఇంటిని రొక్కం పోసి కొన్నా ఏళ్లపాటు ఎవరూ గట్టిగా నిలదీయలేదు. లై డిటెక్టర్ పరీక్షలు రెండుసార్లు దాటేశాడు. ఆ కథ చదివితే నీ బ్యాంకు ఖాతా చూపమన్నందుకు నీకు కోపం రాదు. మనిషికి ఎక్కడ నొప్పి ఉందో అక్కడే పరాయివాడు వేలు పెడతాడు. ఆ నొప్పి ఎక్కడుందో మనవాళ్లకు ముందు తెలిస్తే మేలు కదా.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, ఇది మన ఇంటి పక్క విషయం. ఎల్‌బీ నగర్ చౌరస్తా నుంచి కర్మన్‌ఘాట్, చంపాపేట్ మీదుగా చాంద్రాయణగుట్ట వైపు పోయే దారి గుర్తుందా? ఆ దారి పొడవునా, దాని వెనకాలా, ఈ దేశం క్షిపణులు తయారయ్యే గోడలే. క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 1962లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ తర్వాత లోహాల ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్, 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని, 1988లో బాలాపూర్ పక్కన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ పుట్టాయి. అబ్దుల్ కలాం 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చాక, 1983లో క్షిపణుల కార్యక్రమం మొదలై, 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. మన చిన్నప్పుడు డీఆర్‌డీఎల్ ఉన్న కంచన్‌బాగ్ అంటే మనకు తెలిసింది ఆ బారెడు గోడ, గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను. అంతే.

ఆ గోడ లోపలి పనిలో కొంత బయటి వర్క్‌షాపుల్లోనే జరుగుతుందని నేను లేత్ మెషిన్ దగ్గర చేరాకే తెలిసింది. నేను పనిచేసిన షాపుకు డ్రాయింగులు ముద్రలతో వచ్చేవి. సంతకం పెట్టి తీసుకోవాలి, సంతకం పెట్టి తిరిగివ్వాలి. కొలత తప్పి పక్కన పడేసిన పీసుకూ లెక్క చెప్పాలి. ఆ పీసు దేనికి బిగిస్తారో మాకెవ్వరికీ తెలియదు, అడిగేవాళ్లమూ కాదు. చిన్న షాపు, పెద్ద బాధ్యత. మా ఓనరు డ్రాయింగులు పెట్టిన బీరువా తాళం బొడ్లోంచి తీసేవాడు కాదు. ఆ రోజుల మీద నాకు ఇప్పటికీ గర్వమే.

మన దగ్గర మీలాగా అంతటికీ ఒకటే సంస్థ లేదు. గేటు కాపలా డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌ది. 1947లో పుట్టిన దళం, ఎక్కువమంది సైన్యంలో రిటైరై మళ్లీ చేరినవాళ్లు. పరాయి గూఢచారుల జాడ తీయడం ఇంటెలిజెన్స్ బ్యూరో పని. సైన్యానికీ, నౌకాదళానికీ, వైమానిక దళానికీ ఎవరి నిఘా వాళ్లకుంది. కార్గిల్ తర్వాత వాటిని కలిపి చూసుకోవడానికి 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ పెట్టారు. చివరికి చేతికి బేడీలు వేసేది మాత్రం చాలాసార్లు మన రాష్ట్ర పోలీసులే. ఇన్ని చేతుల మధ్య ఎవరి కంటా పడని మనిషి ఒకడున్నాడు. వాడి గురించే ఈ ఉత్తరం.

2022 జూన్‌లో మన ఎల్‌బీ నగర్ జోన్ ప్రత్యేక పోలీసులు, బాలాపూర్ పోలీసులు కలిసి ఒక యువ ఇంజినీర్‌ను అరెస్టు చేశారు. డీఆర్‌డీఎల్ పనుల్లో కాంట్రాక్టు మీద ఉన్నవాడు. అతని పేరు నేను రాయను, కోర్టు తేల్చాల్సిన సంగతి అది. పోలీసులు చెప్పింది మాత్రం రాస్తాను. అంతకు కొన్నేళ్ల ముందు అతను తన ఫేస్‌బుక్ పేజీలో ఫలానా చోట పనిచేస్తున్నానని పెట్టుకున్నాడు. 2020 మార్చిలో నతాషా రావు అన్న పేరుతో ఒక ఫ్రెండ్ రిక్వెస్ట్ వచ్చింది. తాను బ్రిటన్‌లో రక్షణ వార్తల పత్రికలో పనిచేస్తున్నానని, తండ్రి భారత వైమానిక దళంలో చేసి అక్కడ స్థిరపడ్డాడని ఆమె చెప్పుకుంది. మాటలు దాదాపు రెండేళ్లు, 2021 డిసెంబర్ దాకా సాగాయి. ఆ మాటల్లోనే ఫోటోలు, కాగితాలు, చివరికి అతని బ్యాంకు ఖాతా నంబరు కూడా అవతలికి వెళ్లాయని ఆరోపణ. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. 1923 నాటి చట్టం అది. రక్షణ సంస్థలకు సంబంధించిన గూఢచర్యం రుజువైతే పద్నాలుగేళ్ల దాకా శిక్ష.

పేపర్లు దీన్ని వలపు వల అని రాశాయి. చదివినవాళ్లు ఆడపేరు చూసి పడిపోయాడని నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ తేదీ చూడు, 2020 మార్చి. అందరూ ఇళ్లల్లో తలుపులేసుకున్న నెల. అలాంటప్పుడు రోజూ రాత్రి పలకరించి, తిన్నావా అని అడిగే మనిషి దొరికితే ఆ మాట ఎంత తీయగా ఉంటుందో ఒంటరిగా గదిలో ఉన్నవాడికి తెలుసు. మన దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గది గుర్తు తెచ్చుకో. కోచింగులో కొలువు రాక, ఇంటికి పోలేక ఉన్న రోజుల్లో మనల్ని ఎవరైనా మంచి మాటతో ఎటు నడిపిస్తే అటు నడిచేవాళ్లం. అతనిది తప్పు లేదని నేననను. దేశం నమ్మి చేతిలో పెట్టినదాన్ని బయటికిస్తే అది ద్రోహమే, శిక్ష పడాల్సిందే. కానీ ఆ రెండేళ్లలో ఏదో ఒక రాత్రి, మొదటి ఫోటో పంపకముందు, అతనికి అనుమానం వచ్చి ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? తన కంపెనీకి చెబితే కాంట్రాక్టు పోతుంది. ల్యాబులో చెబితే గేట్ పాస్ పోతుంది. పోలీసులకు చెబితే కేసవుతుంది. నోరు తెరిచినవాడికి మూడు దిక్కులా గోడే కనిపిస్తే వాడు నోరు మూసుకుంటాడు. అవతలివాడికి కావలసిందీ అదే.

విశాఖలోనూ ఇదే జరిగింది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్, కేంద్ర నిఘా సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి ఏడుగురు నావికులనూ, ఒక హవాలా వ్యాపారినీ పట్టుకున్నాయి. విశాఖ కొండ పేరు మీదే దానికి ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టారు. వాళ్లంతా కొత్తగా నౌకాదళంలో చేరిన కుర్రాళ్లు. అక్కడా ఫేస్‌బుక్‌తోనే మొదలు. ఓడలు, జలాంతర్గాములు ఎప్పుడు ఎక్కడికి కదులుతున్నాయో అవతలివాళ్లకు చేరవేశారన్నది అభియోగం. ఆ నెలాఖరుకే నౌకాదళం స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్ ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. ఆ నిషేధం అవసరమే. అయితే సెలవు మీద ఇంటికొచ్చిన కుర్రాడి జేబులో ఫోన్ ఉండనే ఉంటుంది కదా.

కాంట్రాక్టు వాళ్లకూ, కుర్రాళ్లకూ మాత్రమే ఈ ప్రమాదం అనుకోకు. 2023 మే నెలలో పుణెలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాల డైరెక్టరునే మహారాష్ట్ర ఉగ్రవాద వ్యతిరేక దళం (ఏటీఎస్) అరెస్టు చేసింది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్ద శాస్త్రవేత్త. వాట్సాప్‌లో ఒక ఆడమనిషి పేరుతో సాగిన మాటలే అభియోగంలో ఉన్నాయి. హోదా ఏమీ అడ్డుపడలేదు. ఒంటరితనం, పొగడ్త మీద ఆశ అందరికీ ఉంటాయి, ఎవరి గేట్ పాస్ ఏ రంగైనా.

ఇక రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం అబద్ధమవుతుంది. కాపలా కాసే చేయి తొందరపడితే ఏమవుతుందో నంబి నారాయణన్‌ను చూస్తే తెలుస్తుంది. ఇస్రోలో ద్రవ ఇంధన ఇంజిన్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. క్రయోజెనిక్ పనికి పెద్దగా ఉన్న సమయంలో, 1994 నవంబర్ 30న, రాకెట్ రహస్యాలు అమ్మాడని కేరళ పోలీసులు అరెస్టు చేశారు. ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారులూ విచారించారు. యాభై రోజులు లోపలున్నాడు. తనను కొట్టారని ఆయన చెప్పాడు. 1996లో సీబీఐ ఈ కేసులో పస లేదని తేల్చింది. 1998లో సుప్రీంకోర్టు మళ్లీ విచారణ చేస్తామన్న కేరళ ప్రభుత్వాన్ని ఆపింది. 2018 సెప్టెంబర్ 14న అదే కోర్టు ఆ అరెస్టు అనవసరమైనదని చెప్పి 50 లక్షల పరిహారం ఇమ్మంది. అరెస్టుకూ ఆ తీర్పుకూ మధ్య దాదాపు ఇరవై నాలుగేళ్లు. ఆ యాభై లక్షలు దేనికి సరిపోతాయి చెప్పు? వీధిలో వాళ్లింటి మనుషుల్ని చూసి జనం దేశద్రోహులన్న రోజుల్ని ఎవరు తిరిగిస్తారు?

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకొకటే అర్థమైంది. రక్షణ రహస్యాల కాపలా సంస్థకు గూఢచారిని పట్టుకోవడం చివరి పని. మొదటి పని, వల విసిరినప్పుడు ఆ మనిషి దానిలో పడకుండా ఆపడం. దానికి వాడు భయం లేకుండా వచ్చి చెప్పుకునే ఒక తలుపు కావాలి. "సార్, ఒకామె మెసేజ్ పెడుతున్నది, నాకు అనుమానంగ ఉన్నది" అని మొదటి వారంలోనే అనగలగాలి. అన్నందుకు కొలువు పోకూడదు. నిజంగా అలాంటి తలుపు ఉంటే సంస్థకే లాభం. ఎవరు, ఏ పేరుతో, ఎవరిని వెతుకుతున్నారో వేడివేడిగా తెలుస్తుంది. రెండేళ్ల తర్వాత ఫోన్ జప్తు చేసి చాటింగు చదువుకునే పని ఉండదు. అమాయకుడిని అనుమానంతో ఈడ్చుకుపోయే అవసరమూ తగ్గుతుంది, ఎందుకంటే వాడు ముందే వచ్చి చెప్పుకున్నాడు కాబట్టి.

మీ దగ్గర ఇలాంటిది కాగితం మీదైనా ఉందని చదివాను. 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం క్లియరెన్స్ ఉన్నవాళ్లు విదేశీ ప్రయాణాలు, విదేశీయులతో దగ్గరి సంబంధాలు, అనుమానం కలిగించే పలకరింపులు తామే ముందుకొచ్చి చెప్పాలి. ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి మళ్లీ విచారించే పాత పద్ధతి పోయి, ఇప్పుడు ఎప్పటికప్పుడు చూస్తూ ఉండే పద్ధతి వచ్చింది. నాకు బాగా నచ్చింది మొదటిది. మన దగ్గర కుర్రాడికి కొలువులో చేరేముందు పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. మా పక్కింటి అబ్బాయి ఒక ల్యాబులో కాంట్రాక్టు మీద ఉన్నాడు. కానిస్టేబుల్ వచ్చి ఇంటి ముందర నిలబడి, పేరూ ఊరూ అడిగి, ఇద్దరితో సంతకం పెట్టించుకుని పోయాడు. నేనూ ఒక సంతకం పెట్టాను. గేటు దగ్గర ఫోన్ తీసుకుంటారట. సాయంత్రం మళ్లీ ఇచ్చేస్తారు. అక్కడినుంచి మర్నాడు పొద్దున దాకా వాడి మీద ఎవరి కన్నూ లేదు, వాడి మాట వినే చెవీ లేదు. కన్ను లేకపోయినా ఫరవాలేదు. చెవి ఉండాలి.

ఒక్క భయం మాత్రం నీకు చెప్పాలి. ఇన్ని వివరాలు ఒకచోట పోగు చేస్తే ఆ పోగే దొంగకు ఎర అవుతుంది. మీ సర్కారు సిబ్బంది వ్యవహారాల ఆఫీసు నుంచి సరిగ్గా ఇలాంటి విచారణ ఫైళ్లే దొంగిలించారని 2015లో బయటపడింది. 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు. 56 లక్షల మంది వేలిముద్రలు. ఆ 2 కోట్ల 15 లక్షల్లో 18 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కూడా కాదు, ఎక్కువగా వాళ్ల భార్యలూ భర్తలూ. ఆ ఘోరం తర్వాతే విచారణల పనిని ఆ ఆఫీసు నుంచి తప్పిస్తూ తప్పిస్తూ, 2019లో నిన్నిప్పుడు ప్రశ్నిస్తున్న ఈ రక్షణ సంస్థకు అప్పగించారు. నీ అప్పులూ, నీ కుటుంబ కలహాలూ, నా పుట్టిన తేదీ కూడా వాళ్ల దగ్గరుంటాయి. పౌరుల గుట్టు అడిగే హక్కు ఉన్నవాడికి దాన్ని దాచే శక్తి కూడా ఉండాలి. ఆ ప్రశ్న నువ్వు వాళ్లను గట్టిగా అడగాలి, ఇప్పుడు నువ్వు అక్కడి పౌరుడివి.

ఇక నా వివరాలు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయి, ఇంటిపేరు ముందు. పుట్టిన తేదీ నాకు రెండున్నాయని నీకు తెలుసు. బళ్లో చేర్చేటప్పుడు హయత్‌నగర్ హెడ్మాస్టరు గారు రాసింది ఒకటి, మా అమ్మ చెప్పేది ఒకటి. అన్ని కాగితాల్లో ఉన్నది బడిదే, దాన్ని పెట్టు. రెండోది కూడా వేరే కాగితంలో పంపుతున్నాను, అడిగితే దాచకుండా చెప్పు. ఉద్యోగం దగ్గర మాత్రం రిటైర్డ్ అని రాసి ఊరుకోకు. రక్షణ ప్రయోగశాలలకు విడిభాగాలు చేసిన వర్క్‌షాపులో చాలా ఏళ్లు లేత్ పని చేశాడని స్పష్టంగా రాయి. అది నీ క్లియరెన్స్‌కు అడ్డమవుతుందేమోనని నువ్వు ఆలోచిస్తావు, నాకు తెలుసు. అయినా రాయి. దాచి సంపాదించిన నమ్మకం నీకొద్దు, నా వల్ల అస్సలు వద్దు. ఆ షాపులో చేసిన పని గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఇక ముందూ మాట్లాడుకోం. నువ్వు నీ పని గురించి నాకు చెప్పకు. నేను అడగను. మన మాటలకు కరువా?

నాకోసం ఒక పని చేసిపెట్టు. నీ ఇంటర్వ్యూకి వచ్చే అధికారిని అడుగు. అనుమానం కలిగించే పలకరింపు వస్తే ముందు ఎవరికి ఫోన్ చేయాలి? ఆ మర్నాడు కొలువు ఉంటుందా, జీతం ఆపుతారా? చెప్పినవాడి పేరు ఎంతమందికి తెలుస్తుంది? చెప్పి బాగుపడ్డవాళ్లున్నారా, చెప్పి నష్టపోయినవాళ్లున్నారా? వాళ్లు చెప్పగలిగినంత వరకే చాలు, అది కూడా నాకు చెప్పొచ్చని వాళ్లంటేనే. ఆ జవాబు పట్టుకుని నేనిక్కడ ఢిల్లీకి ఉత్తరం రాస్తాను, రక్షణ శాఖకూ, డీఆర్‌డీఓ పెద్దలకూ. కాంట్రాక్టు కుర్రాళ్లకు కూడా అలాంటి నంబరు ఒకటి గేట్ పాస్ వెనక అచ్చు వేయమని అడుగుతాను. పక్కింటి అబ్బాయితో ఈ మాట ఇప్పటికే అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "నంబర్ ఉంటే మంచిగనే ఉంటది పెద్దనాయనా, కానీ ఎత్తేటోడు మంచోడు ఉండాలె" అన్నాడు. ఆ మాట కూడా ఉత్తరంలో పెడతాను.

నీ జవాబు కోసం చూస్తుంటాను. చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు
నీ దోస్తు